వార్నింగ్ వస్తే వదిలెయ్

వనపర్తిలో మేం అద్దెకుంటున్న ఇంటికి మేడ మీద ఒక గది ఉంది. అందులో కూర్చుని నేను బోరు మోటర్ల డబ్బాలకు ప్రాణం పోస్తుంటానని మా ఆయన వేళాకోళం చేస్తాడు. ఆయన ఇక్కడి కాలేజీలో పాఠాలు చెబుతాడు. అందుకే ఉద్యోగం హైదరాబాదుదే అయినా నేను ఈ ఊళ్ళోనే ఉండిపోయాను. మా కంపెనీ చిన్నది. పొలాల్లో మోటర్లను నడిపే డబ్బాలు తయారు చేస్తుంది. బోరులో నీళ్ళు అడుగంటితే మోటరు కాలిపోకముందే దాన్ని ఆపేయడం ఆ డబ్బాలకున్న ముఖ్యమైన గుణం. లోపల అరచేతిలో పట్టేంత కంప్యూటరు బోర్డు ఉంటుంది. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే భాగాన్ని కెర్నల్ అంటారు. సెన్సరు చెప్పేది వినడం, మోటరును ఆగమనడం కెర్నల్ పని. ఆ కెర్నల్ బాధ్యత నాది.

డబ్బాకు కరెంటు ఇవ్వగానే దాని ముందున్న చిన్న తెర మీద ఇంగ్లీషు లైన్లు పరుగెడతాయి. నాలుగు వందల పైచిలుకు ఉంటాయి. గడియారం దొరికింది, మెమరీ సరిపోయింది, ఫలానా పరికరం కనపడలేదు, లేకపోయినా పరవాలేదు అంటూ కెర్నల్ తనలో తాను గొణుక్కునే మాటలవి. వాటి మధ్యలో ఒకప్పుడు నేను ఒక హెచ్చరిక లైను రాశాను. దాని వల్ల ఒక మెకానిక్ పేరు పోయింది. నాలుగు జిల్లాల్లో తిరిగి పని చేసుకునే మనిషికి పేరు పోవడమంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు.

అతనిది కొత్తకోట. హైవే పక్కన చిన్న షెడ్డులో కాలిపోయిన మోటర్లకు వైండింగ్ చేసేవాడు. చేతిపని శుభ్రంగా ఉంటుందని మా కంపెనీ వాళ్ళు పొలాల్లో డబ్బాలు బిగించే పని అతనికి ఇచ్చారు. నాకంటే చిన్నవాడు. తెలుగు చదువుతాడు, ఇంగ్లీషు రాదు. కొత్తలో డబ్బా బిగించిన ప్రతిసారీ నాకు ఫోన్ చేసేవాడు.

"మేడం, తెర మీద వార్నింగ్ అని వడ్డదని ఈడ రైతు కొడుకు సదివి చెప్పిండు. డబ్బా బందు వెట్టాల్నా?"

అది ఏ లైనో కనుక్కుని, దానికి భయపడక్కర్లేదని చెప్పేదాన్ని. మర్నాడు ఇంకో ఊరి నుంచి ఇంకో వార్నింగ్. మా కెర్నల్‌లో అప్పటికి అలాంటివి ముప్పై దాకా ఉండేవి. దాదాపు అన్నీ ఎవరెవరో ఎప్పుడో రాసి వదిలేసినవే. వాటిని తీసేయాలని నాకు తెలుసు. తీసే తీరిక లేదనుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు వేరే చిక్కుతో సతమతమవుతుంటే మళ్ళీ అతని ఫోన్ వచ్చింది.

"సూడు తమ్మీ, వార్నింగ్ వస్తే వదిలెయ్. ఎర్రర్ వస్తెనే ఫోన్ చెయ్" అన్నాను.

"ఇంగ్లీషు సదవరాదు గద మేడం. ఎట్ల గుర్తువట్టాలె?"

"డబ్ల్యూతోటి మొదలైతే వదిలెయ్. 'ఈ'తోటి మొదలైతే నాకు చెయ్. గంతే."

"సరే మేడం. డబ్ల్యూ అయితే వదిలెయ్యాలె" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి పెట్టేశాడు. ఆ తరవాత ఫోన్లు తగ్గాయి. బతికిపోయాననుకున్నాను.

ఆ యాసంగి పంట మొదట్లో ఉప్పునుంతల దగ్గర ఒక పొలంలో డబ్బా దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతోందని ఫిర్యాదు వచ్చింది. కారణం నా బల్ల మీద దొరకలేదు. అందుకని డీబగ్ కెర్నల్ ఒకటి తయారు చేశాను. దొంగ ఎటు నుంచి వస్తున్నాడో తెలియక ఇంట్లో ప్రతి గడప దగ్గరా ఒక మనిషిని కాపలా పెట్టినట్టుంటుంది అది. సెన్సరు నోరు విప్పిన ప్రతిసారీ ఒక లైను రాసి పెడుతుంది. అలా రాస్తున్నంతసేపూ మిగతా పనులు ఆగుతాయి. ఒకటి రెండు రోజులు దగ్గరుండి చూసుకోవడానికి తప్ప పొలంలో వదిలేయడానికి పనికిరాదు. ఆ సంగతి చెప్పాలి కదా అని, మొదలయ్యేటప్పుడు వచ్చే నాలుగు వందల లైన్లలో ఒక లైను చేర్చాను. వార్నింగ్, ఇది డీబగ్ కెర్నల్, పొలంలో వాడరాదు అని ఇంగ్లీషులో, మిగతావాటి లాగే చిన్న అక్షరాల్లో రాసి చేతులు దులుపుకున్నాను.

ఆ కెర్నల్‌ను మెమరీ కార్డులో పెట్టి బస్సులో పార్సిల్ పంపాను. అతను దాన్ని డబ్బాలో వేశాడు. చిత్రంగా, ఆ కార్డు వేసిన క్షణం నుంచి డబ్బా ఆగిపోవడం మానేసింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇది అనుభవమే. కాపలా పెట్టడం వల్ల అన్నీ కాస్త నెమ్మదించి, దొంగ అసలు రాడు. అయినా రెండు రోజుల రికార్డులో నాకు కావలసింది దొరికింది. తప్పు సరిచేసి కొత్త కార్డు పంపాను. అతను పాతది తీసి కొత్తది వేశాడు. నా వరకు ఆ వ్యవహారం అయిపోయింది.

అతని వరకు అవలేదు. అతను మెకానిక్. ఏ సామాను వేస్తే మోటరు మంచిగా నడిచిందో ఆ సామానే ఇంకో మోటరుకూ వేస్తాడు. మంచి పంట వచ్చిన చేను గింజలు విత్తనానికి తీసిపెట్టుకునే ఊళ్ళలో పుట్టినవాడు. నేను కొత్త కార్డు పంపేలోపే ఆ పాత కార్డును మరో ఐదు కార్డుల మీదికి ఎక్కించి, అదే జబ్బున్న ఐదు డబ్బాలకు వేశాడు. ఐదూ బాగా నడిచాయి. బాగా నడుస్తున్నవాటి గురించి నాకు ఫోన్ చేయవలసిన అవసరం అతనికి కనపడలేదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆ ఐదు తెరల మీదా నా లైను పరుగెత్తేది. డబ్ల్యూతో మొదలయ్యేది కాబట్టి అతను వదిలేశాడు.

ఆ ఐదింటిలో ఒకటి ఒక పెద్దామె చేలో ఉంది. ఆమె భర్త పోయాక కౌలుకు తీసుకుని పల్లి వేసింది. ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే అదనులో ఒక మధ్యాహ్నం బోరులో నీళ్ళు అడుగంటాయి. సెన్సరు వెంటనే అరిచింది. మామూలు కెర్నల్ అయితే నాలుగైదు సెకన్లలో మోటరు ఆగేది. నా డీబగ్ కెర్నల్ మాత్రం ఆ అరుపును ఒక లైనుగా రాయడానికి కూర్చుంది. అది రాసేలోగా సెన్సరు ఇంకో పది సార్లు అరిచింది. అవన్నీ కూడా రాసింది. ఆగమన్న మాట మోటరుకు చేరేసరికి పావుగంట దాటింది. మోటరు ఎప్పుడో కాలిపోయింది. పైపులు పైకి లాగి, మోటరు తీసి, వైండింగ్ చేయించి మళ్ళీ దించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఎర్ర చెలక నేలలో తొమ్మిది రోజులు తడి లేకపోతే పల్లి చేను ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పై మడులు మొత్తం వాడిపోయాయి.

డబ్బా బిగించినవాడే మోటరు కాలబెట్టాడని ఊళ్ళో అనుకున్నారు. వైండింగ్ మెకానిక్ మీద అంతకంటే పెద్ద మాట ఉండదు. వారం తిరక్కుండా ఆ మాట పక్క ఊళ్ళకు పాకింది. అతనికి వచ్చే ఫోన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఇదంతా నాకు తరవాత తెలిసింది. నాకు మొదట తెలిసింది మా మేనేజరు వీడియో కాల్‌లోనే.

ఆయన ఆ డబ్బాలోని కార్డు తెప్పించుకుని రికార్డు చూశాడు. డీబగ్ కెర్నల్ అని పట్టుకున్నాడు. ఇక అంతా నా మీదికే వస్తుందనుకున్నాను.

"భయపడకండి. కెర్నల్ వార్నింగ్ ఇచ్చింది, లైను స్పష్టంగా ఉంది. అతను పట్టించుకోలేదు. మీ లైను మనల్ని కాపాడింది" అన్నాడు.

అది విని నాకు హాయిగా అనిపించింది. ఒక్క క్షణమే కావచ్చు, కానీ అనిపించింది. దాచుకుని లాభం లేదు. ఆ తరవాత ఆయన మిగతా మాటలు చెప్పాడు. తప్పు బిగించినవాడిదేనని ఊరికి ఉత్తరం రాస్తారట, అతన్ని పనిలోంచి తీసేస్తారట. అప్పటికి గాని నా బుర్ర పనిచేయలేదు. ఒక్కరోజు ఆగమని అడిగి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నాగర్‌కర్నూల్‌లో మారి ఉప్పునుంతల వెళ్ళాను.

అతను బస్సు దగ్గరికి బండి తీసుకుని వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు. "నేను వైరింగ్ తప్పు జెయ్యలే మేడం. మీరే సూడున్రి." చేలో పెద్దామె ఉంది, పక్క చేలవాళ్ళు ముగ్గురు నలుగురు చేరారు. తప్పు కార్డు నకలు ఇంకోటి అతని దగ్గరుంది. మోటరు వైర్లు విడదీసి, ఆ కార్డు వేసి, కరెంటు ఇవ్వమన్నాను. లైన్లు పరుగెత్తాయి. నా లైను కోసం కళ్ళు విప్పార్చుకుని చూశాను. కనపడలేదు. మళ్ళీ ఇవ్వమన్నాను. మళ్ళీ దొరకలేదు. ఏ మాట తరవాత వస్తుందో, ఎన్ని అక్షరాలో తెలిసినదాన్ని, రాసినదాన్ని నేనే. మూడోసారి ఫోనులో వీడియో తీసి, ఆపి ఆపి చూస్తే అప్పుడు దొరికింది.

"ఏం రాసింది బిడ్డా అండ్ల?" అని పెద్దామె అడిగింది.

"ఈ కార్డు పొలంల వాడొద్దని రాసింది, పెద్దమ్మా."

"ఎవరు రాసిన్రు?"

"నేనే."

ఆమె తెర వంక చూసింది, అతని వంక చూసింది. "ఎవరికోసరం రాసినవు మరి? నాకు సదువే రాదాయె. ఈ పిలగానికి ఇంగ్లీషు రాదాయె."

జవాబు నాకు తెలుసు. రేపు ఎవరైనా అడిగితే, చెప్పాను కదా అనడానికి రాసుకున్నాను. నాకోసమే రాసుకున్నాను.

అతను మెల్లగా అన్నాడు. "మీరే చెప్పిన్రు గద మేడం, డబ్ల్యూ వస్తె వదిలెయ్యమని." నిష్ఠూరమాడినట్టు కూడా లేదు. చెప్పింది తప్పకుండా చేశాననే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి గట్టిగానే చెప్పాను. "మోటర్ కాలింది నా వల్ల. ఈయన తప్పు ఏం లేదు. నేను పంపిన కార్డు వల్ల, నేను చెప్పిన మాట వల్ల కాలింది." వాళ్ళు మర్యాదగా విన్నారు. తరవాత ఒకాయన నవ్వి, "పోనియ్యమ్మా. పిలగాడు కాళ్ళు వట్టుకున్నడు, నువ్వు జాలివడి వచ్చినవు. మాకు సమజ్ గాదా?" అన్నాడు. నేను కార్డు గురించి, లైన్ల గురించి వివరించబోయాను. ఎంత వివరిస్తే వాళ్ళ నమ్మకం అంత గట్టిపడింది. కూర్చున్న చోట కంప్యూటరు నొక్కే మనిషి మోటరు కాల్చడమేమిటి? మోటరును ముట్టుకున్నది అతనే కదా. బండి మీద తిరిగి వస్తూ మిగతా నాలుగు డబ్బాల దగ్గరా ఆగి కార్డులు మార్చాం.

ఆ రోజే మేనేజరుకు రాశాను. తప్పు నాదని, ఎందుకు నాదో వరుసగా రాశాను. అతని మీద ఉత్తరం పంపితే నేను మానేస్తానని కూడా రాశాను. ఉత్తరం ఆగింది. పెద్దామె మోటరు ఖర్చు కంపెనీయే పెట్టుకుంది. అతన్ని పనిలోంచి తీయలేదు. కానీ పొలాల్లోకి రమ్మని అతన్ని పిలిచేవాళ్ళే లేకపోయారు. నేను చెప్పిన నిజం మా ఆఫీసు దాకా పనిచేసింది, ఊళ్ళ దాకా పోలేదు. రెండు నెలలు చూసి అతను షెడ్డు మూసేశాడు. కొత్తకోటలోనే లారీలకు కరెంటు పనులు చేసే ఒకాయన దగ్గర కుదిరాడు.

నేను ఆ హెచ్చరికను మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. కసిగా రాశానంటే సరిపోతుంది. చుట్టూ చుక్కల గీతలు పెట్టాను, పెద్ద అక్షరాలు పెట్టాను, అదే మాటను మూడుసార్లు రాశాను, ఎరుపు రంగు వేశాను. ముప్పై వార్నింగులు అప్పటికే పసుపు రంగులో ఉన్నాయి. ఆ వారం గద్వాల వెళ్ళినప్పుడు మా నాన్నకు చూపించాను. నాన్న ఏళ్ళ తరబడి మగ్గం మీద చీరలు నేసిన మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు. అందుకే ఆయనకు చూపించాను. లైన్లు పరుగెత్తించి, "ఇండ్ల ఏది ముఖ్యమో చెప్పు నాయినా" అన్నాను. ఆయన పసుపు లైను ఒకదాన్ని చూపించాడు. కాదన్నాను. ఇంకో పసుపు లైను చూపించాడు. నాకు చిరాకేసింది.

"నా మీద ఎందుకు కోపం? అన్నిటికీ రంగు వేస్తివి. బుటా కనవడాలంటె చుట్టూరా ఉత్త బట్ట ఉండాలె గద" అన్నాడు, మగ్గం మీది నుంచి లేవకుండానే.

వనపర్తి తిరిగి వచ్చి, మొదట ఆ ముప్పై వార్నింగుల మీద పడ్డాను. ఒక్కోదాని పుట్టుక వెతుక్కుంటూ పోతే వాటిలో నిజంగా హెచ్చరించేవి రెండే తేలాయి. మిగతావాటిని నోరు మూయించాను. మామూలు లైన్లను కూడా తెర మీదికి రానివ్వకుండా లోపలి రికార్డులోకి పంపేశాను. దీనికి వారాలు పట్టింది. తీరిక లేదని ఏళ్ళ తరబడి వాయిదా వేసిన పని ఇదే. ఇప్పుడు డబ్బా మొదలైతే తెర నల్లగా, ఖాళీగా ఉంటుంది. డీబగ్ కార్డు వేస్తే మాత్రం తెర నిండా ఒకే ఒక హెచ్చరిక వచ్చి నిలబడిపోతుంది. డబ్బా పైన ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ కార్డు తీసి మామూలుది వేసేదాకా, లేదా రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకునేదాకా మోటరు నడవదు. కెర్నల్ తెరకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి మాటలను బొమ్మగా గీసి పెట్టాను.

ఆ మాటలు ఎలా ఉండాలో అడగడానికి అతనికే ఫోన్ చేశాను. లారీల హారన్ల మధ్య నుంచి మాట్లాడాడు. పరీక్షా నిమిత్తం మాత్రమే అని నేను రాసుకున్నది చదివి వినిపించాను.

"నిమిత్తం అంటె ఏంది మేడం?"

చెప్పాను.

"గట్లనైతే గట్లనే రాయున్రి. ఇది పరీక్ష కార్డు, పొలంల వెట్టొద్దు, తీసెయ్ అని."

అలాగే రాశాను.

ఈ ఏడు నాగర్‌కర్నూల్ వైపు డబ్బాలు బిగించే కొత్త మనిషి ఒకరోజు పొద్దున వీడియో కాల్ చేశాడు. కార్డులు ఎక్కడో కలిసిపోయాయి. అతని వెనక పొలం, ఎవరో రైతు, ముందు మా డబ్బా, తెర నిండా ఎర్రగా ఆ మూడు మాటలు. "మేడం, పరీక్ష కార్డంట, తీసెయ్యమంటుంది. మోటర్ ఎక్కుతలేదు. ఏం జెయ్యాలె?" తీసెయ్యమన్నాను. తీసేశాడు. వేరే కార్డు వేస్తే మోటరు ఎక్కింది. అంతే, ఏమీ కాలేదు. ఎవరి మీదా మాట రాలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆ రోజే కొత్తకోట బస్సెక్కాను. అతను ఒక లారీ కింద ఉన్నాడు. పిలిస్తే బయటికి వచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకుని, నన్ను చూసి "అక్కా, మీరా!" అన్నాడు. కంపెనీ పని వదిలి ఇన్నాళ్ళయ్యాక అతనికి నేను మేడం కాకుండా పోయాను, అది నాకు బాగానే అనిపించింది. ఆ పొద్దుటి వీడియో చూపించాను. అతను రెండుసార్లు చూశాడు. తను చెప్పిన మాటలే తెర మీద ఉన్నాయని గుర్తుపట్టి కాస్త నవ్వాడు.

"మంచిగున్నదక్కా. దూరంకెల్లి గూడ కనవడ్తుంది." ఫోను చేతిలోనే పట్టుకుని, "గిది జెయ్యనీకి ఎన్ని దినాలు వట్టింది?" అని అడిగాడు.

ఆ ముప్పై వార్నింగుల సంగతి చెప్పి వారాలు పట్టిందనవచ్చు. కానీ అతను అడిగింది వేలితో చూపిస్తున్న ఆ తెర గురించి, ఆ దీపం గురించి. ఇంకోసారి ఈ మనిషికి అరకొర మాట చెప్పదలుచుకోలేదు.

"గా తెర, గా లైటు అయితే ఒక్క పూట పని, తమ్మీ."

"ఒక్క పూటనే?" అన్నాడు.

నా ముఖంలోకి చూడలేదు. ఫోను తిరిగి నా చేతికిచ్చి, గుడ్డ భుజాన వేసుకుని, మళ్ళీ లారీ కిందికి పోయాడు.